ఈ థాంక్స్‌గివింగ్‌కి ఏ సినిమాకి, ఏ పాటకి, ఏ షోకి థాంక్స్ చెప్పుకుంటారు?

ఎడిసన్ ఆడపడుచు | మంగళవారం, నవంబర్ 26, 2024, రాత్రి 9:12

అందరికీ నమస్తే అండి. గురువారం థాంక్స్‌గివింగ్ పండగకి మా ఇంటికి పద్నాలుగు మంది భోజనానికి వస్తున్నారు, ఇప్పుడే గుమ్మడికాయ ముక్కలు కోసి పెట్టి కూర్చున్నా. భోజనానికి ముందు పిల్లలు ఒక్కొక్కరు దేనికి థాంక్‌ఫుల్‌గా ఉన్నారో చెప్తారు కదా, అందరూ అమ్మ, నాన్న, ఆరోగ్యం, ఇల్లు అనే చెప్తారు. అవి ఎలాగూ ఉన్నవే. ఇక్కడ మాత్రం అవి వదిలేద్దాం. మన ముక్కూ మొహం తెలియని వాళ్ళు తీసిన సినిమా, పాడిన పాట, టీవీ షో, బొమ్మ, ఆట ఏదైనా సరే, ఈ అమెరికాలో మనల్ని ఆదుకున్నది ఒకటి చెప్పండి. ఊరికే పేరు చెప్పి వెళ్ళిపోవద్దు, ఎప్పుడు ఎలా అన్నది కూడా రాయాలి.

నాతోనే మొదలుపెడతా. నాది న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద దుకాణం వాళ్ళు ఈ పండక్కి జరిపే పరేడ్, అది కూడా గురువారం పొద్దున జరిగే పరేడ్ కాదు, బుధవారం సాయంత్రం బెలూన్లకి గాలి పట్టడం. 2014లో వచ్చాను, ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఇచ్చే హెచ్4 వీసా, అప్పటికి హెచ్4 వాళ్ళకి పని చేసే పర్మిషన్ లేదు, అది తర్వాత ఏడాది కొందరికి వచ్చింది. ఆయన ఏడింటికి వెళ్తే మళ్ళీ ఏడింటికి వచ్చేవారు, మధ్యలో నేనూ కిటికీ. పక్క అపార్ట్‌మెంట్‌లో గుజరాతీ ఆంటీ ఉండేవారు, ఆవిడ ఆ బుధవారం తలుపు కొట్టి పద అని రైలెక్కించి తీసుకెళ్ళారు. నేచురల్ హిస్టరీ మ్యూజియం పక్కన 77వ వీధి, 81వ వీధి మూసేసి అక్కడ హీలియం పడతారు, జనాన్ని చూడనిస్తారు. స్నూపీ అనే కార్టూన్ కుక్క బెలూన్ రోడ్డు మీద బోర్లా పడుకుని ఉంది, పైన వల, వల అంచులకి ఇసుక సంచులు. సగం నిండిన ముక్కు అటూ ఇటూ ఊగుతుంటే ఒక చిన్న పిల్లాడు వాళ్ళ నాన్న భుజాల మీద నుంచి "నిద్ర లేస్తోంది, నిద్ర లేస్తోంది" అని అరుస్తున్నాడు. ఆ ఊరొచ్చిన ఏడు నెలల్లో నేను గట్టిగా నవ్వింది ఆ రోజే. అప్పటినుంచి, జనాన్ని రానివ్వని 2020 తప్ప, ప్రతి ఏడూ వెళ్తున్నా, రేపు కూడా. ఈ ఏటికి మొదటి పరేడ్ జరిగి వందేళ్ళు, 1924లో బెలూన్లు లేవు, జూ నుంచి నిజం జంతువుల్ని తెచ్చి నడిపించారు, బెలూన్లు 1927లో వచ్చాయి.

ఇంక మీరు చెప్పండి.

నోవీ నాన్న | మంగళవారం, రాత్రి 9:40

ఉమ్మడిగా అందరికీ నమస్కారం. ఆడపడుచు గారూ మంచి టాపిక్ ఎత్తుకున్నారు. నాది డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్. 1934 నుంచి, మధ్యలో యుద్ధం అప్పటి కొన్నేళ్ళు తప్ప, థాంక్స్‌గివింగ్ రోజు ఈ టీమ్ మ్యాచ్ ఉండాల్సిందే.

నేను 2008 సెప్టెంబర్‌లో మిషిగన్ వచ్చా. వచ్చిన నెలలోనే బ్యాంకులు కూలాయి, కార్ల కంపెనీలు ఈ రోజో రేపో అన్నట్టు ఉన్నాయి, మా ప్రాజెక్ట్‌లో వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున తగ్గిపోతున్నారు. మా ఆఫీసు టీమ్‌లో ఒకతను వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. అక్కడ వాళ్ళ నాన్నగారు, కార్ల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు చేసి రిటైర్ అయిన పెద్దాయన, నాకు ఫుట్‌బాల్ ఓనమాలు తెలియవని కనిపెట్టి ప్లేట్‌లో చీజ్ ముక్కలు పేర్చారు. ఇవి మనవాళ్ళు, ఈ ఆలివ్ కాయలు ఎదుటివాళ్ళు, నాలుగు ఛాన్సులు, పది గజాలు, దాటితే మళ్ళీ నాలుగు. ఒక్కో ఆట ఆగినప్పుడల్లా ముక్కలు జరిపి చూపించేవారు. ఆ రోజు లయన్స్ 47-10 తేడాతో ఓడిపోయింది. ఆ సీజన్‌లో ఆడిన 16కి 16 ఓడిపోయారు, ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. అయినా పెద్దాయన ఆఖరి నిమిషం దాకా కుర్చీలోంచి లేవలేదు, వచ్చే ఏడు కూడా రా అన్నారు. వెళ్ళా. ప్రతి ఏడూ వెళ్ళా. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని రాత్రుళ్ళు నిద్ర పట్టని రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు వేరే దాని గురించి ఆలోచించే వీలు ఇచ్చింది ఆ ఓడిపోయే టీమే.

పెద్దాయన పోయి మూడేళ్ళయ్యింది. థాంక్స్‌గివింగ్ రోజు లయన్స్ 2016 తర్వాత మళ్ళీ గెలవలేదు. గురువారం షికాగో టీమ్ బేర్స్‌తో ఆట.

డెంటన్‌ల కరీంనగర్ | మంగళవారం, రాత్రి 10:05

అన్నా నీ పోస్ట్ చదివి మస్తు ఫీలైన. నేను మొన్న ఆగస్టుల వచ్చిన, ఎంఎస్. ఇదే నా ఫస్ట్ థాంక్స్‌గివింగ్. క్యాంపస్ మొత్తం బంద్, లైబ్రరీ బంద్, రూమ్మేట్లు ఇద్దరు చుట్టాల దిక్కు పోయిన్రు, ఇంకొకడు పార్ట్ టైంకి పోతున్నడు.

నాకైతే అమృతం సీరియల్. జెమినిల వచ్చినప్పుడు, 2001 నుంచి 2007 దాకా, నేను చిన్న పిలగాన్ని, నాయనమ్మ ఒళ్ళె కూసొని చూసేది, టైటిల్ పాట మొదలైతే సాలు ఆంజనేలు వచ్చిండు ఆంజనేలు వచ్చిండు అని వాడకట్టు దాకా ఉరికేటోన్ని. ఇప్పుడు యూట్యూబ్‌ల ఉన్నయి కదా, రాత్రి అన్నం తినేటప్పుడు ఒక ఎపిసోడ్ పెట్టుకుంట. ఎందుకో తెల్వది గని ఆ అమృతవిలాస్ హోటల్‌ల సర్వం నడుసుకుంట వచ్చి టేబుల్ తుడుస్తుంటె, అప్పాజీ అద్దె కోసం మొత్తుకుంటుంటె, మా రూమ్ల మనుషులు ఉన్నట్టు అనిపిస్తది. చదువు, లోను, ఇంటర్న్‌షిప్ దొర్కుతదా దొర్కదా అని బుర్ర తిరుగుతున్నప్పుడు గాళ్ళు ప్రతి వారం ఓ కొత్త బిజినెస్ పెట్టుడు, మునుగుడు, మళ్ళ లేసుడు. మునిగినా మళ్ళ వారం నలుగురు కలిసే కూసుంటరు సూడు, గది నాకు బలమిస్తది.

ఫ్రిస్కో వదిన | మంగళవారం, రాత్రి 10:11

తమ్ముడూ డెంటన్ అంటే మాకు నలభై నిమిషాలు. గురువారం పన్నెండింటికి మావారు వచ్చి పికప్ చేసుకుంటారు, ఆ పార్ట్ టైం అబ్బాయికి షిఫ్ట్ లేకపోతే అతన్నీ తీసుకురా. నీ ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టకు, పర్సనల్ మెసేజ్‌లో పంపు. నాది రేపు రాస్తా, ఇప్పుడు దోసెల పిండి రుబ్బాలి.

డెంటన్‌ల కరీంనగర్ | మంగళవారం, రాత్రి 10:14

వదినా నిజంగనా. పంపిన.

చందమామ కథ | మంగళవారం, రాత్రి 11:30

నేను ఫ్రీమాంట్ నుంచి. నాది చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్ అనే కార్టూన్ షో. 1973 నవంబర్ 20న మొదటిసారి టీవీలో వచ్చింది, నాకంటే ఒక్క ఏడాది పెద్దది.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, పెప్పర్‌మింట్ ప్యాటీ అనే పిల్ల ఎవరూ పిలవకుండానే మీ ఇంటికి భోజనానికి వస్తున్నా అని ఫోన్ చేసేస్తుంది, వెనకాల ఇంకో ఇద్దరు. చార్లీ బ్రౌన్‌కి కాదనడం చేతకాదు. వంట రాదు. అప్పుడు స్నూపీ పెరట్లో పింగ్‌పాంగ్ బల్ల వేసి కాల్చిన బ్రెడ్డు, పాప్‌కార్న్, ప్రెట్జెల్ పుల్లలు, జెల్లీ బీన్స్ వడ్డిస్తుంది. ప్యాటీకి ఒళ్ళు మండి టర్కీ ఎక్కడ అని కేకలేస్తుంది.

1999లో నేను స్టూడెంట్‌ని. మా క్లాసులో ఒక ఇరాన్ అమ్మాయి, ఇద్దరు కొరియా వాళ్ళు, ఒక నైజీరియా అబ్బాయి ఎక్కడికీ వెళ్ళేవాళ్ళు లేరని మాట్లాడుకుంటుంటే నోరు జారి మా రూమ్‌కి రండి అనేశా. తీరా గురువారం చూస్తే దుకాణాలు మూసేశారు, కారు లేదు, అరలో సగం బ్రెడ్డు, ఉప్మా రవ్వ, అమ్మ పంపిన కందిపొడి. ఉప్మా చేశా, బ్రెడ్డు పెనం మీద నెయ్యేసి కాల్చా, మైక్రోవేవ్ పాప్‌కార్న్ మూడు ప్యాకెట్లు. సిగ్గుతో చచ్చిపోతూ వడ్డించా. నైజీరియా అబ్బాయి మటుకు నవ్వీ నవ్వీ టీవీ పెట్టమన్నాడు, అతనికి ముందే తెలుసట ఈ బొమ్మ సంగతి. అచ్చం మా బల్లే టీవీలో కనిపించింది. కందిపొడి నెయ్యి ఇరాన్ అమ్మాయి ఎంత తిందో ఇప్పటికీ చెప్పుకుంటాం, ఇరవై ఐదేళ్ళ తర్వాత కూడా ఆ ఐదుగురం టచ్‌లో ఉన్నాం. నేను ప్రతి థాంక్స్‌గివింగ్‌కి అన్ని వంటల పక్కన ఒక గిన్నెలో పాప్‌కార్న్ పెడతాను, మా పిల్లలకి ఆ గిన్నె లేకపోతే పండగ అయినట్టు ఉండదు.

బోస్టన్ బాబాయ్ | బుధవారం, నవంబర్ 27, ఉదయం 7:20

అమ్మా చందమామా, నీ ఉప్మా కథ చదివి పొద్దున్నే కళ్ళు చెమర్చాయి.

నాది ఒక పాట. ఆర్లో గత్రీ పాడిన ఆలిసెస్ రెస్టారెంట్. 1967లో వచ్చింది, 18 నిమిషాల పైనే ఉంటుంది. పాట అనే కంటే మన బుర్రకథ అనొచ్చు, చేతిలో గిటార్, చాలా సేపు మాటలే, మధ్యమధ్య పల్లవి. ఇక్కడ మాసాచుసెట్స్‌లోనే జరిగిన సంగతి. 1965 థాంక్స్‌గివింగ్ రోజు స్టాక్‌బ్రిడ్జ్‌లో స్నేహితుల ఇంట్లో చెత్త బండికెత్తి డంప్‌కి తీసుకెళ్తే పండగని మూసేశారు, దాంతో ఒక కొండ కింద పారబోశారు, పోలీసులు పట్టుకున్నారు. ఆ చిన్న కేసు తిరిగి తిరిగి వియత్నాం యుద్ధానికి కుర్రాళ్ళని తీసుకునే ఆఫీసు దాకా వెళ్ళి అక్కడ అడ్డం పడుతుంది. చాలా రేడియో స్టేషన్లు గురువారం మధ్యాహ్నం ఈ పాట వేస్తాయి.

నేను 1996లో మొదటి కారు కొన్నాను, పాతది, క్యాసెట్ ప్లేయర్ పనిచేయదు, రేడియో ఒకటే. ఫ్రెండ్ ఇంటికి వెళ్తూ రూట్ 9 మీద ఈ పాట మొదలైంది. అప్పటికి అమెరికా వాళ్ళ మాట నాకు సగమే అందేది. ఈయన తాపీగా, మన ఊళ్ళో రచ్చబండ మీద ముసలాయన చెప్పినట్టు చెప్తుంటే ప్రతి మాటా అర్థమైంది. గమ్యం వచ్చేసినా కారు ఆపి అయిపోయేదాకా లోపలే కూర్చున్నా. ఈ దేశం మాట నాకు అర్థమవుతుంది అని నమ్మకం కలిగింది ఆ కారులో.

నిక్కచ్చి మనిషి | బుధవారం, ఉదయం 8:02

అందరూ బాగా రాస్తున్నారు కానీ ఒక మాట. బాబాయ్ గారు ఉండే రాష్ట్రంలోనే ప్లిమత్‌లో 1970 నుంచి ప్రతి థాంక్స్‌గివింగ్ రోజూ అక్కడి మూలవాసులు సంతాప దినం జరుపుతారు, కోల్స్ హిల్ మీద. యూరప్ వాళ్ళు వచ్చాక ఆ మూలవాసులైన వాంపనోగ్ జనం భూమి పోయింది, ప్రాణాలు పోయాయి. పరేడ్లు, బెలూన్లు మాట్లాడుకునే చోట ఆ మాట ఒక్కటైనా ఉండాలని నా బాధ.

బోస్టన్ బాబాయ్ | బుధవారం, ఉదయం 8:31

ఉండాలి నాయనా, నువ్వు అన్నది నూటికి నూరుపాళ్ళు న్యాయం. నేను రెండు సార్లు వెళ్ళాను ఆ కొండ మీదకి, చలిలో నిలబడి విన్నాను. వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ ఆయన్ని 1970లో ఉపన్యాసం ఇవ్వమని పిలిచి, రాసుకొచ్చింది చూసి వద్దన్నారు, ఆయన మాట మార్చనన్నారు, అలా మొదలైంది. మా మనవరాలికి స్కూల్లో పిలిగ్రిమ్ టోపీ, అంటే తొలి ఇంగ్లీషు వలసవాళ్ళ టోపీ, చేయించినప్పుడు ఈ సంగతి కూడా నేనే చెప్పాను.

ఎడిసన్ ఆడపడుచు | బుధవారం, ఉదయం 8:45

నిక్కచ్చి గారూ మంచి పని చేశారు, ఉండనివ్వండి ఇక్కడే. రేపు బల్ల దగ్గర మా పెద్దవాడికి నేనూ చెప్తాను.

గోదారి గట్టు | బుధవారం, ఉదయం 10:15

నమస్కారమండి. నేను అట్లాంటాలో అమ్మాయి దగ్గరికొచ్చి నాలుగు నెలలయ్యిందండి. మాది రావులపాలెం దగ్గరండి. నేను టైపింగ్ మెల్లగా చేస్తానండి, తప్పులుంటే సర్దుకోండి.

మాకు మాయాబజార్ అండి. 1957 సినిమా, కె.వి. రెడ్డి గారు తీశారు. రెండేళ్ళ కిందట ఇదే పండక్కి వచ్చినప్పుడు మనవళ్ళిద్దరూ, పదేళ్ళోడు ఎనిమిదేళ్ళోడు, నాతో మాట్లాడేవోళ్ళు కాదండి. వాళ్ళ తెలుగు నాకు సరిగా అందదు, నా ఇంగ్లీషు వాళ్ళకి అందదు. భోజనాలయ్యాక అందరూ సోఫాల్లో పడుంటే అల్లుడు గారు టీవీలో వివాహ భోజనంబు పాట పెట్టారండి. ఎస్వీ రంగారావు గారు చెయ్యి ఊపితే లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరెళ్తుంటే చిన్నోడు లేచి టీవీకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. తాతా కంప్యూటర్తో చేశారా అన్నాడు. కంప్యూటర్ లేదురా అబ్బాయి, కెమెరా ఆపి, ఒకటి జరిపి, మళ్ళీ తిప్పి, అలా చేశారు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ గారిది అని చెప్పానండి. నమ్మలేదండి. అయితే మనమూ చేద్దాం పదా అన్నాను. అమ్మాయి ఫోను బల్ల మీద నిలబెట్టి, ప్లేటులో ఉన్న ఆరు లడ్డూల్ని ఒక్కోటి తీస్తా ఫొటో కొడతా, మళ్ళీ తీస్తా, పెద్దోడు నోరు తెరుచుకుని బల్ల అవతల. రాత్రి పదకొండయ్యింది అందరం కలిసి ఆ ముప్ఫై సెకన్ల సినిమా పూర్తి చేసేసరికి. మాధవపెద్ది సత్యం గారి గొంతు నవ్వులు వెనకాల పెట్టారండి. అప్పట్నుంచి తాతా తాతా అని వదలరు. నిన్న లడ్డూలు చుట్టానండి, ముప్ఫై. ఈసారి అరటిపళ్ళు కూడా ఎగరాలంట.

హ్యూస్టన్ కృష్ణవేణి | బుధవారం, మధ్యాహ్నం 1:50

తాతగారూ ఆ వీడియో చూడాలని ఉంది మాకు.

నాది రాయాలా వద్దా అనుకుని రాస్తున్నా. పాడుతా తీయగా. మా నాన్న ఈటీవీలో అది వస్తుంటే ఇంట్లో ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు, మిక్సీ కూడా వేయకూడదు. బాలు గారు పిల్లలు పాడాక ముందు మెచ్చుకుని తర్వాత మెల్లిగా ఫలానా చోట ఒత్తు పలకలేదు అంటే నాన్న కుర్చీలోంచి "అదీ" అనేవారు, తను ముందే పట్టేశానన్నట్టు.

2020 ఆగస్టులో నాన్న పోయారు. కోవిడ్ వల్ల మామూలు విమానాలు లేవు, వీసా స్టాంపింగ్ లేదు, ఫోన్‌లో చూశా అంతా. అప్పటికి బాలు గారు ఆసుపత్రిలో ఉన్నారు, రోజూ పొద్దున్నే ఆయన హెల్త్ వార్త చూసేదాన్ని, ఆయన బాగైతే ఏదో ఒకటి నిలబడుతుంది అన్నట్టు. సెప్టెంబర్ 25న ఆయనా వెళ్ళిపోయారు. ఆ థాంక్స్‌గివింగ్‌కి ఎవర్నీ పిలవలేదు, ఎవరూ పిలవలేదు, కోవిడ్ కదా. నేను పాత ఎపిసోడ్లు వరసగా పెట్టుకుని కూర్చున్నా. ఒక చిన్నమ్మాయి పాడుతోంది, ఒక చోట పలుకు తప్పింది, నా నోట్లోంచి "అదీ" అని వచ్చింది, అచ్చం నాన్న గొంతు. మూడు నెలల్లో మొదటిసారి నాన్న పక్కన కూర్చున్నట్టు అయ్యింది. బాలు గారికి ఎప్పుడూ ఉత్తరం రాయలేదు, ఇప్పుడు రాసే వీల్లేదు. ఇక్కడ రాస్తున్నా.

ఫ్రిస్కో వదిన | బుధవారం, మధ్యాహ్నం 2:20

కృష్ణవేణీ, ఒకసారి ఫోన్ చేస్తా సాయంత్రం, ఎత్తు.

నాది చిన్నదే, ఫ్రెండ్స్ అనే అమెరికా టీవీ కామెడీ షో. ప్రతి సీజన్లో ఒక థాంక్స్‌గివింగ్ ఎపిసోడ్ ఉంటుంది దాదాపుగా. మొదటి సీజన్‌దే నాకు ఇష్టం, పరేడ్‌లో అండర్‌డాగ్ బెలూన్ తెగిపోయిందని అందరూ డాబా మీదకి పరిగెత్తుతారు, తాళం లోపల పడిపోతుంది, వంటంతా మాడిపోయి చివరికి చీజ్ సాండ్‌విచ్‌లు తింటారు. నేను విజయవాడలో హాస్టల్లో సీడీల్లో చూసి ఇంగ్లీష్ మాటల విరుపు నేర్చుకున్నా, మొదటి ఇంటర్వ్యూకి అదే ధైర్యం. పోయిన ఏడు అక్టోబర్‌లో అందులో నటించిన మాథ్యూ పెర్రీ పోయినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చా.

షికాగో చలి | బుధవారం, రాత్రి 8:15

ఎయిర్‌పోర్ట్ నుంచి రాస్తున్నా, ఫ్లైట్ రెండు గంటలు లేటు. కాబట్టి నాది ప్లేన్స్, ట్రెయిన్స్ అండ్ ఆటోమొబైల్స్ అనే సినిమా, 1987. న్యూయార్క్ నుంచి షికాగోకి థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి చేరాలని ఒకాయన పడే పాట్లు, పక్కన వదలని ఇంకొకాయన జాన్ క్యాండీ. ఆఖర్లో రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా పెట్టె మీద కూర్చున్న క్యాండీ దగ్గరికి మొదటాయన వెనక్కి వచ్చి తన ఇంటికి తీసుకెళ్తాడు. డెంటన్ తమ్ముడి పోస్ట్ కింద వదిన పెట్టిన రిప్లై చదివితే నాకు ఆ సీనే కనబడింది. బోర్డింగ్ పిలుస్తున్నారు.

ఎడిసన్ ఆడపడుచు | గురువారం, నవంబర్ 28, ఉదయం 11:40

పరేడ్ అయిపోవచ్చింది, ఒకటే వాన. నిన్న సాయంత్రం బెలూన్లు చూసొచ్చాం, ఈ పొద్దున ఇంట్లో టీవీలోనే. మిన్నీ మౌస్ ఈ ఏడే కొత్తగా వచ్చింది, కొత్త స్పైడర్‌మ్యాన్ కూడా. బ్యాండు పిల్లలు తడిసి ముద్దయిపోయి కూడా ఒక్క అడుగు తప్పలేదు. గుజరాతీ ఆంటీ ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటున్నారు, బెలూన్ ఫొటో పంపిస్తే వెంటనే ఫోన్ చేశారు. గుమ్మడికాయ పులుసు పొయ్యి మీద ఉంది, మళ్ళీ వస్తా.

నోవీ నాన్న | గురువారం, సాయంత్రం 4:25

గెలిచాం. 23-20.

సగం ఆట అయ్యేసరికి 16-0 ఉన్నాం, హాయిగా పప్పన్నం తిన్నా. ఆ తర్వాత బేర్స్ వాళ్ళు ఒక్కొక్కటి కొట్టుకుంటూ మీదకొచ్చేశారు. ఆఖర్లో బంతి వాళ్ళ చేతిలో, మూడు పాయింట్ల తేడా, అర నిమిషం టైము, ఒక్క కిక్ పడితే సమం. పెద్దాయన కొడుకు, ఇప్పుడు ఒహాయోలో ఉంటాడు, సరిగ్గా అప్పుడు ఫోన్ చేశాడు. ఎత్తా. ఇద్దరం ఏం మాట్లాడలేదు, అటు వాళ్ళ టీవీ శబ్దం, ఇటు మా టీవీ శబ్దం, నాది ఒక సెకను వెనక. బేర్స్ దగ్గర టైమవుట్ ఉండి కూడా వాడుకోలేదు, గడియారం తిరిగిపోయింది, అటు అతను అరిచిన తర్వాత సెకనుకి ఇటు నేను అరిచా. మా అమ్మాయి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది ఏమయ్యిందో అని. తర్వాత అతను అన్నాడు, నాన్న కుర్చీ మా హాల్లోనే ఉంది, ఇవాళ అందులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు అని.

డెంటన్‌ల కరీంనగర్ | గురువారం, రాత్రి 10:50

అన్నా కంగ్రాట్స్. వదిన వాళ్ళింట్ల గుత్తొంకాయ, గారెలు, టర్కీ బదులు కోడి పులావ్, కడుపు పగిలేటట్టు తిన్నం ఇద్దరం. తిన్నంక వాళ్ళు నెట్‌ఫ్లిక్స్‌ల ఇయ్యాలే వచ్చిన లక్కీ భాస్కర్ పెడదామన్నరు గని వదిన నాకోసం ముందు అమృతం పెట్టింది, వాళ్ళ పిల్లలకి సర్వం మస్తు నచ్చిండు. మూడు ఎపిసోడ్లు అయినయి, సినిమా రేపటికి వాయిదా. డబ్బాల పులావ్ కట్టిచ్చిన్రు, మూత మీద నా పేరు రాసిచ్చిన్రు వదినా, గది ఫొటో తీసి నాయనమ్మకి పంపిన.